తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి వైద్యరంగంలోకి వెళ్తానంటోంది. ఇప్పటి నుంచే ఏం చేయించాలి?

మీ అమ్మాయిని ఇప్పుడే నీట్ (ఎంబీబీఎస్ ప్రవేశ పరీక్ష) ఫౌండేషన్ కోచింగ్‌లో చేర్చాలా అని అడిగారు. విశాఖపట్నంలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో 16 ఏళ్లుగా జీవశాస్త్రం చెబుతున్న అనుభవంతో అంటున్నాను, ఆ డబ్బు ఇప్పుడు ఖర్చు పెట్టకండి. నీట్‌లో 180 ప్రశ్నలకు 90 జీవశాస్త్రానివే అయినా, అవి ఇంటర్మీడియట్ స్థాయి పాఠాల మీద వచ్చేవి; వాటిని చదవడానికి రెండేళ్లు ఎలాగూ ఉంటాయి. ఈ వయసులో తేల్చుకోవలసింది ఆ పని తనకు సరిపడుతుందా లేదా అన్న సంగతి.

కొన్నేళ్ల క్రితం బడి పిల్లల కోసం డయల్ ఉన్న బీపీ మిషను, స్టెతస్కోపు కొన్నాను. మనిషిని ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టి, వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనేలా పెట్టించి, చేయి గుండె ఎత్తులో ఉంచి, మాట్లాడనివ్వకుండా చూడాలని, చేతికి కట్టిన పట్టీలోని గాలి వదులుతున్నప్పుడు మొదటి చప్పుడు వినిపించిన చోట పై అంకె, చప్పుడు ఆగిపోయిన చోట కింది అంకె రాసుకోవాలని నేర్పి, వంతులవారీగా ఇళ్లకు ఇచ్చి పంపాను. ఒక్కొక్కరు ఐదుగురు పెద్దవాళ్లకు చూసి రాసుకురావాలి. సగం పట్టికల్లో తాతకూ మామ్మకూ పక్కింటి పిన్నిగారికీ కూడా పుస్తకంలో మామూలు బీపీ అని ఉండే 120/80 అనే ఉంది, అందులోనూ బాగా మార్కులు వచ్చే పిల్లలవే ఎక్కువ. ఒక అమ్మాయి మాత్రం మూడు గళ్లలో అంకెలు వేసి, మిగిలిన రెండింటిలో "చప్పుడు సరిగా వినపడలేదు సార్" అని రాసుకొచ్చింది. తరగతంతా నవ్వింది. ఆసుపత్రిలో నర్సు రాత్రి డ్యూటీలో రాసిపెట్టిన అంకెను నమ్మే ఉదయం రౌండ్లకు వచ్చిన డాక్టరు మందు మోతాదు మారుస్తారు కనుక, ఆ రెండు గళ్లూ నాకు ఎంతో ముచ్చటగా అనిపించాయి. ఆమె తరువాత జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా చదివి, ఇప్పుడు నగరంలోనే స్టాఫ్ నర్సుగా పనిచేస్తోంది.

రెండో సంగతి లెక్కలు. లెక్కలంటే భయమైతే బైపీసీ తీసుకోమనే సలహా ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది, నాకది అసలు నచ్చదు. 500 మి.లీ. సెలైన్ 4 గంటల్లో ఎక్కించాలి, మి.లీ.కు 20 చుక్కలు పడే గొట్టం సెట్టు పెట్టారు, నిమిషానికి ఎన్ని చుక్కలు పడాలి? 500ను 20తో హెచ్చవేసి 240 నిమిషాలతో భాగిస్తే సుమారు 42. హైస్కూలు పిల్లలకు వచ్చిన లెక్కే గాని, రోగి బంధువులు చుట్టూ నిలబడి అడుగుతుండగా గడియారం చూస్తూ చేయాలి. ఇంగ్లీషు కూడా అంతే అవసరం, కేస్ షీటూ మందు సీసా మీది అక్షరాలూ అందులోనే ఉంటాయి. రోగి చెప్పే బాధ మాత్రం తెలుగులో ఉంటుంది. 1923లో మొదలైన మన కింగ్ జార్జ్ ఆసుపత్రికి (కేజీహెచ్) ఉత్తరాంధ్ర జిల్లాలతో పాటు ఒడిశా నుంచీ వస్తారు కాబట్టి ఒక్కోసారి ఒడియాలోనూ ఉంటుంది.

డాక్టరు, కాకపోతే నర్సు అన్న దగ్గరే చాలామంది తల్లిదండ్రుల ఆలోచన ఆగిపోతుంది. అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలో రేడియేషన్ ఇచ్చే టెక్నాలజిస్టులను, హనుమంతవాకలోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో చూపు పరీక్షించే ఆప్టోమెట్రిస్టులను మీ అమ్మాయికి ఒకసారి చూపించండి. బీఎస్సీ నర్సింగ్ 4 ఏళ్లు, జీఎన్ఎం 3 ఏళ్లు, ఫిజియోథెరపీ ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగున్నర నుంచి ఐదేళ్లు. పరికరాల మీద మనసుంటే ఎంపీసీ తరువాత బయోమెడికల్ ఇంజినీరింగ్ కూడా ఉంది. వైద్య పరికరాలు తయారయ్యే మెడ్‌టెక్ జోన్ మన పెదగంట్యాడ మండలంలోనే ఉంది.

ఒక హెచ్చరిక. నా విద్యార్థి ఒకడు పోస్టర్ చూసి ఒక ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమాలో చేరాడు. రెండేళ్లు చదివాక, ఆ సంస్థకు గుర్తింపు లేదని, తన సర్టిఫికెట్‌తో పారామెడికల్ బోర్డులో రిజిస్ట్రేషన్ కాదని తెలిసింది. చేరే ముందు బోర్డు జాబితా చూసుకోమని చెప్పవలసినవాణ్ణి నేనే, చెప్పలేదు. నర్సింగ్ కాలేజీ అయితే నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు చూడండి.

ఈ వేసవిలో మీ ఇంట్లో పెద్దవాళ్లెవరైనా పరీక్షలకు వెళ్తే అమ్మాయిని తోడు పంపండి. ఫోను ఇంట్లో వదిలి, ఓపీ చీటీ వరుస దగ్గర నుంచి రక్తం తీసే గది దాకా ఒక పూటంతా వెంట ఉండనివ్వండి. రక్తం చూసి కళ్లు తిరిగినా కంగారు పడకండి, మా తరగతిలో అలా పడిపోయిన పిల్లవాడే ఇప్పుడు ల్యాబులో రోజూ పదుల మందికి రక్తం తీస్తున్నాడు. ఆ వాసన, గంటల తరబడి నిలబడడం, కసురుకునే మనుషులు, వీటి గురించి ఆమె ఇంటికి వచ్చి ఏం చెబుతుందో వినండి. గ్రూపు సంగతి పదో తరగతి పరీక్షలయ్యాక మాట్లాడుకోవచ్చు.