షుగరు సంగతి ఎవరికి, ఎప్పుడు చెప్పాలంటే

చిరంజీవి లలితకు,

పెద్దమ్మ ఆశీస్సులు. హైదరాబాదులో స్టాఫ్ నర్సు పోస్టులకు అప్లై చేస్తున్నావని మీ అమ్మ చెప్పింది. నీ షుగరు సంగతి ఆస్పత్రిలో ఎవరికీ తెలియనివ్వొద్దంటోంది. నలుగురి నోళ్లలో పడితే రేపు సంబంధాలు కుదరవని దాని దిగులు. తల్లి కదా, అలాగే ఉంటుంది. కానీ పెళ్లిచూపులు వేరు, వార్డు వేరు.

రెజ్యూమెలో రాయక్కర్లేదు. ఇంటర్వ్యూలో వాళ్లు అడగకపోతే నువ్వు ఎత్తకు, నీ పని గురించే మాట్లాడు. అడిగితే మాత్రం అబద్ధం వద్దు. సెలెక్టయ్యాక మెడికల్ ఫారం ఇస్తారు చూడు, చెప్పాల్సింది అక్కడ. దీర్ఘకాలిక జబ్బులున్నాయా అన్నచోట ‘లేవు’ అని టిక్కు పెట్టావంటే, తప్పుడు సమాచారమిచ్చావని తర్వాత ఎప్పుడైనా తీసేయొచ్చు. ఉత్తినే ‘షుగరు’ అని రాసి వదిలేసినా ప్రమాదమే, చదివేవాళ్లు ఏదేదో ఊహించుకుంటారు. ‘టైప్ 1 డయాబెటిస్, ఇన్సులిన్‌తో అదుపులో ఉంది, నైట్ డ్యూటీతో సహా అన్ని షిఫ్టులూ చేయగలను’ అని రాయి. నీ డాక్టరు ఆ మాటకు ఒప్పుకుని ఇచ్చిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్, రెండు మూడు నెలల సగటు షుగరు చూపే కొత్త హెచ్‌బీఏ1సీ రిపోర్టు జతచెయ్యి. వాళ్ల అనుమానమంతా నైట్ల గురించే.

ఇంత ఆచితూచి చెప్పమనడానికి కారణం ఉంది. హెచ్ఐవీ ఉన్నవాళ్లపై ఉద్యోగంలో వివక్ష చూపకూడదని, ఉద్యోగానికి ఆ పరీక్షను షరతు చేయకూడదని 2017 నాటి చట్టం ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో మాత్రం డయాబెటిస్ లేదు, కాబట్టి ఆ చట్టం అండ నీకు దొరక్కపోవచ్చు. ముందుముందు యూకే వెళ్తే అక్కడ 2010 ఈక్వాలిటీ చట్టం ప్రకారం ఆఫర్ ఇచ్చేదాకా ఆరోగ్యం గురించి సాధారణంగా అడగకూడదు.

నాకు అసలు బెంగ వార్డు గురించే. తెల్లవారుజామున మూడింటికి ఇంజెక్షన్ లోడ్ చేస్తూ షుగరు పడిపోయి, చెమటలు పట్టి, డోసు లెక్క తప్పితే? దెబ్బ తగిలేది బెడ్డు మీదున్న మనిషికి. అందుకే మొదటి నైట్‌కి ముందే ఇన్‌ఛార్జి సిస్టర్‌ని పక్కకు పిలిచి చెప్పు: “సిస్టర్, నాకు టైప్ 1 ఉంది. షుగరు 70 కంటే దిగితే 15 గ్రాముల గ్లూకోజు తీసుకుని, 15 నిమిషాలాగి మళ్లీ చెక్ చేసుకుంటాను. సర్దుకునేదాకా నా పేషెంట్లను ఎవరైనా చూస్తే చాలు.” ప్రాధేయపడకు. షిఫ్టు మారేటప్పుడు హ్యాండోవర్ ఇచ్చినంత మామూలుగా చెప్పు. నైట్‌లో నీతో ఉండే సిస్టర్‌కీ తెలియాలి, మిగతా వార్డుకి అక్కర్లేదు. గ్లూకోజు ప్యాకెట్టు లాకర్లో పెట్టకు, యూనిఫాం జేబులో ఉండాలి.

ఈ వారంలోనే డాక్టరు దగ్గరికి వెళ్లి సర్టిఫికెట్ రాయించుకో. ఫారం నింపాక ఇచ్చేముందు నాకు ఫొటో తీసి వాట్సాప్ చెయ్యి, ఒకసారి చూస్తాను. అమ్మతో నేను మాట్లాడతాలే.

మీ పెద్దమ్మ