మీ ప్రశ్నలు: సోషల్ పీరియడ్ అంటే ఆవలింతలే

ప్రశ్న: నేను దిల్‌సుఖ్‌నగర్ దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో 7, 8 తరగతులకు సోషల్ చెప్తాను. పిల్లలు తేదీలు బట్టీ పట్టి పరీక్షలో రాసేస్తారు, వారం తర్వాత అడిగితే ఒక్కరికీ గుర్తుండదు. సివిక్స్ అయితే మరీ కష్టం, హక్కులు అనగానే ఆవలింతలు. సెప్టెంబరు 17 (1948లో హైదరాబాద్ సంస్థానం నిజాం లొంగిపోయిన రోజు) గురించి చెప్పిన రోజు మాత్రం ఇద్దరు పిల్లలు గట్టిగా గొడవపడ్డారు. ఇద్దరి ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పింది వేర్వేరు. అప్పటి నుంచి నాకు ఆ పాఠం అంటేనే టెన్షన్. ఏం చేయమంటారు మేడమ్?

జవాబు: అమ్మా, నేనూ చాలా ఏళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పినదాన్నే, మీ బాధ నాకు తెలుసు. ముందు ఆ గొడవ సంగతే మాట్లాడుకుందాం. ఏడాదంతా ఆవలించిన పిల్లలు ఆ ఒక్క రోజు ఎందుకు గొంతు పెంచారు? ఆ పాఠంలో వాళ్ల ఇల్లు ఉంది కాబట్టి. అంటే మీరు భయపడుతున్న పాఠమే వాళ్లకు అన్నిటికన్నా బాగా ఎక్కే పాఠం, దాన్ని వదలకండి.

నేనైతే ఇలా చేసేదాన్ని. ఎవరూ కాదనలేని విషయాలు ముందు బోర్డు మీద రాయాలి. 1947 ఆగస్టు 15న దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, హైదరాబాద్ సంస్థానం మాత్రం అప్పటికి భారత యూనియన్‌లో చేరలేదు. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం వచ్చింది, 17న నిజాం లొంగిపోయారు. 1950 జనవరి 26న రాజ్యాంగం అమల్లోకి వచ్చింది, ఇక్కడా అదే రాజ్యాంగం. ఇంతవరకూ అందరూ నోటుబుక్కులో రాసుకుంటారు. ఆ తర్వాత అదే రోజును కొందరు విమోచన అంటారని, కొందరు విలీనం అంటారని, కొందరు సమైక్యత అంటారని దాచకుండా చెప్పండి. పిల్లల్ని ఇంటికి పంపి పెద్దవాళ్లను అడిగి రమ్మనండి. ఒకరి తాతలు నల్గొండ పల్లెలో ఉండి ఉంటారు, ఒకరివాళ్లు పాతబస్తీలో, ఇంకొకరివాళ్లు అసలు గుంటూరు నుంచి తర్వాత వచ్చినవాళ్లు. చెప్పిన మనిషి అప్పుడు ఏ ఊళ్లో ఉన్నారు, ఎంత వయసు, కళ్లారా చూశారా లేక వాళ్ల నాన్న చెప్తే విన్నారా, ఈ మూడూ తప్పకుండా రాయించండి. అప్పటికి పదేళ్లున్నవాళ్లకు ఇప్పుడు తొంభై దగ్గర పడుతోంది కాబట్టి ఎక్కువమంది చెప్పేది విన్న మాటే అవుతుంది. చూసినదానికీ విన్నదానికీ తేడా పట్టుకోవడం పన్నెండేళ్ల పిల్లకు వచ్చిందంటే, రేపు ఫోన్‌లో వచ్చే ఫార్వర్డ్ మెసేజ్‌ను కూడా అదే కంటితో చూస్తుంది. క్లాసులో చదివేటప్పుడు ఒకటే నియమం, ఇంకొకరి ఇంటి మాటను వెక్కిరించకూడదు, అనుమానముంటే ప్రశ్న అడగొచ్చు.

ఇక రోజూ ప్రార్థనలో చెప్పే ప్రతిజ్ఞ ఉంది కదా, దాన్ని రాసింది ఎవరో అడిగి చూడండి, టీచర్లలోనే చాలామందికి తెలియదు. నల్గొండ దగ్గర అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు, విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా పనిచేస్తూ 1962లో తెలుగులో రాశారు. అది తర్వాత దేశమంతా వెళ్లింది. వారసత్వ సంపద గురించి చెప్పాక 'దీనికి అర్హత పొందడానికి సర్వదా నేను కృషి చేస్తాను' అనే వాక్యం వస్తుంది. అర్హత పొందడం అంటే ఏమిటో పిల్లల్నే చెప్పమనండి. ఒక పీరియడంతా దీని మీదే గడిచిపోయినా నష్టం లేదు, ఇక్కడ చరిత్ర, సివిక్స్ రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి.

వీలైతే ఒక్క పూట బయటికి తీసుకెళ్లండి, బస్సు కూడా అక్కర్లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగొచ్చు, అదే కోఠి. 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో జనం దాడి చేసిన బ్రిటిష్ రెసిడెన్సీ భవనం అక్కడే ఉంది, ఒకప్పటి మహిళా కాలేజీ, ఇప్పటి మహిళా విశ్వవిద్యాలయం ప్రాంగణంలో. మన పుస్తకాల్లో 1857 అంటే మీరట్, ఢిల్లీ, ఝాన్సీ. అది కోఠిలో కూడా జరిగిందని తెలిసినప్పుడు పిల్లల మొహాలు చూడాలి. అటునుంచి అఫ్జల్‌గంజ్ వైపు నడిస్తే ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో చింతచెట్టు, 1908 సెప్టెంబరు 28న మూసీ వరదలో దాదాపు 150 మంది ప్రాణాలు నిలిపిన చెట్టు. ఆ వరద తర్వాతే ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ జలాశయాలు పూర్తయ్యాయి. నాలాల మీద ఇళ్లు ఎందుకు కట్టకూడదో వేరే పాఠం చెప్పక్కర్లేదు, వాళ్లే అడుగుతారు.

సిలబస్ అంటారా, ఎఫ్ఏలో (ఫార్మేటివ్ అసెస్‌మెంట్, స్కూల్లోనే పెట్టే మూల్యాంకనం) ప్రాజెక్టు పనికి ఎలాగూ మార్కులున్నాయి, వీటినే ప్రాజెక్టులుగా ఇచ్చేయండి. చార్టు కొనుక్కొచ్చి బొమ్మలు అతికించే ప్రాజెక్టులు మాత్రం దయచేసి మానేయండి, వాటిని చేసేది తల్లులే.

ప్రశ్న: మా పాప 8వ తరగతి. మా గల్లీలో వీధిదీపం నెల నుంచి వెలగడం లేదని స్కూల్లో పాఠం విన్నాక తనే అధికారులకు లేఖ రాస్తానంటోంది. చిన్నపిల్ల, ఇప్పటి నుంచే ఇవన్నీ అవసరమా? చదువు పాడవుతుందేమో అని భయంగా ఉంది.

జవాబు: రాయనివ్వండి బాబూ. ఓటు వేయడానికి 18 ఏళ్లు నిండాలి (1989కి ముందు 21 ఉండేది), లేఖ రాయడానికి అలాంటి వయసు ఏమీ పెట్టలేదు. చదువు పాడవడం కాదు, ఉత్తరం రాయడమూ చదువే. దీపం ఏ గల్లీలో, ఏ స్తంభం మీద, ఎప్పటి నుంచి వెలగడం లేదు, ఇవి ఉంటే చాలు, తిట్లు వద్దు. ఒక కాపీ ఇంట్లో ఉంచుకుని, జవాబు రాకపోతే రెండు వారాల తర్వాత మళ్లీ పాపను వెంటపెట్టుకుని వెళ్లండి. అప్పటికీ కదలిక లేకపోతే మీ పేరు మీద 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి, మామూలుగా 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. పాప పక్కన కూర్చుని ఆ రోజులు లెక్కపెట్టుకుంటుంది, సివిక్స్‌లో అంతకన్నా మంచి పాఠం ఏ స్కూలూ చెప్పలేదు.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. లేఖ మీరు రాసి ఆమెతో సంతకం పెట్టించకండి. ఒకటి రెండు అక్షరదోషాలున్నా ఆమె చేతిరాతలోనే ఇవ్వండి, కాపీ మీద ఆఫీసు ముద్ర, తేదీ ఆమెనే అడిగి వేయించుకోమనండి.