ఏడున్నర పాళ్ళ రాగి

చిట్టితల్లీ,

నువ్వు పంపిన లాకెట్ బొమ్మ చూశాను. ఆకు, దాని మీద తీగతో ఈనెలు, మధ్యలో చిన్న రాయి. నాకు చాలా నచ్చింది. కానీ పక్కన ‘వెండి’ అని రాసి వదిలేశావు. ఏ వెండో చెప్పలేదు.

మేలిమి వెండి బాగా మెత్తన. దానితో చేస్తే నాలుగు రోజులు వేసుకునేసరికి ఆకు అంచులు వంగిపోతాయి, రాయిని పట్టుకున్న గోళ్ళు వదులైపోతాయి. అందుకే నూటికి 92.5 పాళ్ళు వెండి ఉంచి, మిగతా 7.5 పాళ్ళు మామూలుగా రాగి కలుపుతారు. అదే స్టెర్లింగ్. 925 అన్న ముద్రకు అర్థం కూడా అదే. గట్టిదనం ఇచ్చేది ఆ రాగే, మనల్ని ఏడిపించేదీ ఆ రాగే.

సుత్తితో కొట్టేకొద్దీ రేకు బిగుసుకుంటుంది. చప్పుడు మారి, సుత్తి ఎగిరిపడుతున్నట్టు అనిపిస్తే ఆపెయ్యి. ఇంకొక్క దెబ్బ అనుకున్నావంటే అంచు చీలుతుంది. అప్పుడు రేకును కాల్చి మెత్తబరచాలి. గదిలో వెలుతురు తగ్గించుకో. లోహం మసక ఎరుపుకు రాగానే మంట తీసెయ్యి, అది సుమారు 600 నుంచి 650 డిగ్రీలు. నేను కొత్తలో కిటికీ పక్కన పగటి వెలుతురులో కాల్చేవాణ్ణి. ఎరుపు కంటికి కనపడేసరికే ఒక వెండి గాజు అంచు కారిపోయింది. స్టెర్లింగ్ 800 దాటగానే కరగడం మొదలుపెడుతుంది తల్లీ.

కాల్చినప్పుడల్లా లోపలి రాగి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, ఊదా రంగు మచ్చగా పైపొర కింద దాక్కుంటుంది. అంతా అయ్యాక పాలిష్ పెడితే బయటపడుతుంది. అప్పుడు ఎంత అరగదీసినా విసుగే. కాల్చే ముందే బోరిక్ యాసిడ్ కలిపిన ఆల్కహాల్‌లో ముంచి తీసి, పూత పట్టించు. ఆ సీసాను మాత్రం మంటకు దూరంగా పెట్టు.

నీ డిజైన్‌లో అసలు కష్టం ఈనెలు అతకడం. వెండిలో వేడి పాకినంత వేగంగా మరే లోహంలోనూ పాకదు. అతుకు దగ్గర మాత్రమే మంట పెడితే పని జరగదు. ముందు ఆకంతా వేడెక్కాలి. సన్నటి ఈనె తొందరగా వేడెక్కుతుంది, టంకం, అంటే అతకడానికి కరిగించే లోహం, వేడి ఉన్న వైపే పరిగెత్తి ఈనె పైకి ఎక్కేస్తుంది. కాబట్టి మంటను ఆకు మీదే తిప్పు. మొదటి అతుకులకు ఎక్కువ వేడికి కరిగే టంకం, తర్వాతి వాటికి తక్కువ వేడికి కరిగేది వాడు. రాయి అన్నిటికంటే చివర. యాసిడ్‌లో శుభ్రం చేసేటప్పుడు ఇనుప పట్టకారు ముంచకు, వెండి మీద రాగి పొర పట్టేస్తుంది.

నల్లబడకుండా రోడియం అనే తెల్లటి లోహపు పూత వేయించనా అని అడిగావు. వద్దంటాను. గాలిలోని గంధకం తగిలి వెండి నల్లబడుతుంది, నిజమే. కానీ వెండిలో నాకు అన్నిటికంటే ఇష్టం ఆ నలుపే. గంధకపు మందుతో నువ్వే ముందు నల్లగా చేసి, ఈనెల పైభాగం మాత్రం మెరిసేలా రుద్దు. పల్లాల్లో నలుపు నిలిచి ఆకుకు లోతు వస్తుంది. అంతా తళతళలాడితే నీ ఈనెలు ఎవరికీ కనపడవు.

ఈనెల మందం ఇప్పుడే తేల్చకు. ముందు ఉత్త రాగి రేకులో ఒకటి చేసి పంపు. చేతిలో పట్టుకుని చూశాక మాట్లాడదాం.

మీ పెదనాన్న