పుహోల్స్‌ను కార్డినల్స్ వదులుకోవాల్సింది కాదా?

ప్రశ్న: 2011లో అమెరికా బేస్‌బాల్‌లో అత్యున్నత టైటిల్ అయిన వరల్డ్ సిరీస్ గెలిచి రెండు నెలలు తిరగకముందే, తమకు అంత పేరు తెచ్చిన బ్యాటర్ ఆల్బర్ట్ పుహోల్స్‌ను సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టు ఏంజెల్స్ అనే మరో జట్టుకు పోనిచ్చింది. ఎంత ఖర్చయినా అతణ్ని నిలబెట్టుకోవాల్సింది కాదా? ఇది కృతఘ్నత అనిపించుకోదా?
– ఒక పాఠకుడు

జవాబు: మీ బాధ నాకు అర్థమైంది. పదకొండు సీజన్లలో 445 హోమ్‌రన్లు (సాధారణంగా బంతిని మైదానం అవతలికి పంపే షాట్లు) కొట్టి, మూడుసార్లు లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడిగా ఎంపికై, 2006లోనూ 2011లోనూ జట్టును విజేతగా నిలిపిన మనిషి విషయంలో డబ్బు లెక్కలు మాట్లాడటానికి ఏ అభిమానికీ మనసొప్పదు. అయినా ఆనాడు కార్డినల్స్ చేసింది సరైన పనేనని నా గట్టి నమ్మకం.

ఏంజెల్స్ ఇచ్చింది పదేళ్ల ఒప్పందం, 24 కోట్ల డాలర్లు. అప్పటికే పుహోల్స్‌కు 32వ ఏడు నడుస్తోంది. వాదనల్లో తరచూ మరుగునపడే నిబంధన ఒకటి ఇక్కడ ఉంది. పోటీలోని రెండు లీగుల్లో ఒకటైన, ఏంజెల్స్ ఆడే అమెరికన్ లీగ్‌లో, పిచర్‌కు (బంతి విసిరే ఆటగాడికి) బదులుగా బ్యాటింగ్ మాత్రమే చేసే డెజిగ్నేటెడ్ హిట్టర్ ఉంటాడు. రెండోదైన, కార్డినల్స్ ఆడే నేషనల్ లీగ్‌లో అప్పట్లో ఆ వెసులుబాటు లేదు కాబట్టి, కాళ్లు సహకరించని వయసులో కూడా పుహోల్స్ ఫీల్డింగ్‌లో ఫస్ట్ బేస్ అనే స్థానానికి కాపలా కాయగలిగితేనే రోజూ జట్టులో ఉండగలడు. అలాంటి చోట పదేళ్ల హామీ ఇవ్వడం అతనికీ మేలు చేసేది కాదు.

తరువాత జరిగిందీ చూడండి. కార్డినల్స్ తరఫున .328 బ్యాటింగ్ సగటుతో (అంటే వెయ్యి బ్యాటింగ్ ప్రయత్నాలకు 328 హిట్ల లెక్కన) ఆడిన పుహోల్స్, ఏంజెల్స్‌లో ఒక్క సీజన్‌లోనూ .300 అందుకోలేదు. అతణ్ని కోల్పోయినందుకు పరిహారంగా దక్కిన డ్రాఫ్ట్ (కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే పద్ధతి) అవకాశంతో కార్డినల్స్ 2012లో మైకేల్ వాకా అనే యువ పిచర్‌ను తీసుకున్నారు. మరుసటి ఏడాదే అతడు నేషనల్ లీగ్ ఛాంపియన్‌షిప్ సిరీస్‌లో అత్యుత్తమ ఆటగాడిగా నిలిచి, జట్టును వరల్డ్ సిరీస్‌కు చేర్చాడు.

నష్టం లేదని మాత్రం నేను అనను. కార్డినల్స్ పాతతరం దిగ్గజం స్టాన్ మ్యూజియల్ లాగా మొదటి నుంచి చివరి దాకా ఒకే జట్టుకు ఆడిన ఘనత పుహోల్స్‌కు దక్కలేదు. ఆ లోటును ఏ డ్రాఫ్ట్ అవకాశమూ పూడ్చలేదు. కానీ కృతఘ్నత అన్న మాటను నేను ఒప్పుకోలేను. 2019 జూన్‌లో అతడు ఏంజెల్స్ జెర్సీతో సెయింట్ లూయిస్‌లో తొలిసారి బ్యాటింగ్‌కు వచ్చినప్పుడు స్టేడియమంతా లేచి నిలబడింది. ఆ చప్పట్లు ఇంకాసేపు సాగాలని కార్డినల్స్ క్యాచర్ (బ్యాటర్ వెనక ఉండి బంతి పట్టే ఆటగాడు) యాడియర్ మొలీనా తన స్థానం వదిలి ముందుకు నడిచాడు. పుహోల్స్ హెల్మెట్ తీసి అందరికీ అభివాదం చేసి, పాత సహచరుణ్ని కౌగిలించుకున్నాడు.

2022లో నేషనల్ లీగ్‌కూ డెజిగ్నేటెడ్ హిట్టర్ నిబంధన శాశ్వతంగా వచ్చింది. ఆ ఏడాదే, 42 ఏళ్ల వయసులో, పుహోల్స్ ఒక్క సంవత్సరపు ఒప్పందంతో కార్డినల్స్‌కు తిరిగి వచ్చి, 24 హోమ్‌రన్లు కొట్టి, సెప్టెంబరు 23న తన కెరీర్‌లో 700వది పూర్తిచేసి, 703 దగ్గర ఆటకు వీడ్కోలు పలికాడు.