టెక్సస్‌లో ఇల్లు మారి స్కూలు మార్చితే వర్సిటీ టెన్నిస్ అర్హత ఏమవుతుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ అమ్మాయి డాలస్‌కు ఉత్తరాన ఒక స్కూల్లో తొమ్మిదో తరగతి పూర్తి చేసింది, వర్సిటీ, అంటే స్కూలు ప్రధాన జట్టు, తరఫున టెన్నిస్ ఆడింది. ఆగస్టుకు ఇల్లు ఇస్తానన్న బిల్డర్ ఇప్పుడు నవంబరు అంటున్నాడు. ఈలోగా తల్లీకూతుళ్లు కొత్త స్కూలు పరిధిలో అపార్ట్‌మెంటు తీసుకుని, మీరు పాత ఇంట్లోనే ఉంటే, ఆగస్టు నుంచే అమ్మాయి అక్కడ వర్సిటీ ఆడవచ్చునా అని అడిగారు. అలా చేస్తే అర్హత పోయే ప్రమాదమే ఎక్కువని నా అభిప్రాయం. చదువుకు గానీ, జూనియర్ వర్సిటీ అనే రెండో జట్టుకు గానీ అడ్డు ఉండదు. చిక్కంతా వర్సిటీ దగ్గరే.

టెక్సస్ ప్రభుత్వ పాఠశాలల పోటీలను 1910 నుంచి నడుపుతున్న యూనివర్సిటీ ఇంటర్‌స్కొలాస్టిక్ లీగ్, అంటే యూఐఎల్, నియమం ప్రకారం కొత్త స్కూల్లో మొదటి ఏడాది వర్సిటీ ఆడాలంటే విద్యార్థి తల్లిదండ్రులతో కలిసి ఆ స్కూలు పరిధిలో నివసించాలి. విడాకులు లేకుండా విడిగా ఉంటున్న తల్లిదండ్రులలో ఒకరు పాత పరిధిలో ఉండిపోతే, పిల్లల నివాసం ఆ కదలని వారి ఇల్లేనని ముందుగా భావిస్తారు. మీరు విడిపోయినవారు కూడా కాదు. కాబట్టి అపార్ట్‌మెంటు లీజు ఒక్కటి చూపించి ఇది మా నివాసం అంటే నిలవడం కష్టం. సామాను ఎక్కడుంది, ఉత్తరాలు ఏ చిరునామాకు వస్తున్నాయి, డ్రైవింగ్ లైసెన్సు మీద ఏ ఊరు ఉంది, ఓటు ఎక్కడ నమోదైంది అన్నవన్నీ చూస్తారు. మనలో చాలామందికి ఇక్కడ ఓటే లేదు కనుక మిగిలిన కాగితాలే మన సాక్ష్యం.

అయితే మా సొంత అనుభవంలో మేము దెబ్బతిన్నది ఇంటి విషయంలో కాదు. మా అబ్బాయి పదో తరగతికి వచ్చేసరికి మేము నలుగురమూ, చివరి మంచంతో సహా, కొత్త ఇంటికి మారిపోయాము. ఇక ఏ అడ్డూ లేదనుకున్నాను. స్కూలు మారిన ఆటగాళ్లందరికీ పూర్వపు క్రీడల వివరాల ఫారం ఒకటి ఉంటుంది. అందులో మనం నింపే భాగంతో పాటు పాత స్కూలు వారు నింపే భాగమూ ఉంటుంది. ఈ విద్యార్థి ఆట కోసమే స్కూలు మారుతున్నాడా అని వారిని సూటిగా అడుగుతారు. మా పాత కోచ్ అవునని రాశారు. ఆయన మీద నాకు కోపం వచ్చింది, కానీ ఆయన కల్పించినదేమీ లేదు. మారడానికి రెండు నెలల ముందు ఆయనకు మర్యాదపూర్వకంగా వీడ్కోలు ఉత్తరం రాస్తూ, కొత్త స్కూల్లో టెన్నిస్ కార్యక్రమం బాగుంటుందని విన్నామని నేనే ఒక వాక్యం చేర్చాను. పైగా మా వాడు ఏడాదిగా ఆదివారాలు ఎవరి దగ్గర శిక్షణ తీసుకుంటున్నాడో, ఆయన ఆ కొత్త స్కూలు సహాయ కోచ్.

విషయం జిల్లా కార్యనిర్వాహక సంఘానికి వెళ్లింది. ఇక్కడ జిల్లా అంటే పోటీల జిల్లా. ఆ సంఘంలో కూర్చునేది అందులోని స్కూళ్ల సూపరింటెండెంట్లు లేదా వారి ప్రతినిధులు, అంటే మా వాడు రేపు ఎవరి మీద ఆడాలో ఆ స్కూళ్లవారే. వారు పరిశీలించే అంశాలు నియమావళిలోనే ఉన్నాయి: ఎవరైనా పిలిచి చేర్చుకున్నారా, పాత కోచ్‌తో అసంతృప్తి ఉందా, బయటి జట్టులో కలిసి ఆడేవారు కొత్త స్కూల్లో ఉన్నారా, కొత్త స్కూలు కోచ్ దగ్గర ముందే శిక్షణ తీసుకున్నారా. చివరిదానికి నా దగ్గర సమాధానం లేదు. ఆట కోసమే మారారని తేలితే కుటుంబమంతా నిజంగా తరలివచ్చినా కనీసం ఒక ఏడాది వర్సిటీ ఉండదని నియమం స్పష్టంగా చెబుతుంది. అదే జరిగింది. రాష్ట్ర స్థాయి సంఘానికి అప్పీలు చేసుకోవచ్చు గానీ, నా ఉత్తరం నా చేతిరాతే అయినప్పుడు ఏమని వాదించాలి? వాడు ఆ ఏడాది జూనియర్ వర్సిటీ ఆడాడు. నియమం అన్యాయమని నేను అనలేను. మంచి ఆటగాళ్లు తరలివచ్చిన ప్రతిసారీ అక్కడే పుట్టిపెరిగిన ఎవరో ఒక పిల్లవాడు జట్టులో చోటు కోల్పోతాడు.

మీరైతే నవంబరు దాకా అమ్మాయిని పాత స్కూల్లోనే ఉంచండి. శరదృతువులో జరిగే టీమ్ టెన్నిస్ అప్పటికి ముగుస్తుంది, సింగిల్స్, డబుల్స్ పోటీలు వసంతంలో ఉంటాయి. ఇంటి తాళాలు చేతికి వచ్చి అందరూ కలిసి మారాక ఫారం పెట్టండి. మధ్యలో చేరిన వారు పోటీకి ముందు పదిహేను రోజులైనా స్కూలుకు హాజరై ఉండాలి. శరదృతువులో ఒక స్కూలు తరఫున ఆడిన ఆట వసంతంలో ఏమైనా అడ్డు అవుతుందా అని కొత్త స్కూలు అథ్లెటిక్ విభాగాన్ని ఇప్పుడే రాతపూర్వకంగా అడిగి, జవాబు దాచుకోండి. కొత్త స్కూలు కోచ్‌తో మాత్రం నమోదు పూర్తయ్యేదాకా మాట్లాడవద్దు. ప్రశ్నలన్నీ ఆ స్కూల్లో నమోదు చూసే రిజిస్ట్రార్‌తోనూ, విద్యార్థులకు సలహాలిచ్చే కౌన్సిలర్‌తోనూ సాగనివ్వండి. మార్కుల నియమం కూడా వెంట వస్తుంది. ఏ సబ్జెక్టులోనైనా నూటికి 70 కంటే తక్కువ వస్తే కనీసం మూడు వారాలు ఆట ఆగుతుంది, అడ్వాన్స్‌డ్ సబ్జెక్టులకు కొంత మినహాయింపు ఉంది.

ఒక్క విషయం మీరు రాయలేదు. అమ్మాయి వారాంతపు శిక్షకులు ఏ స్కూలుకైనా పని చేస్తున్నారా? చేస్తుంటే, ఆ స్కూలు పేరు చెప్పకుండానే సరే, ఇక్కడ రాయండి. నా సమాధానం అప్పుడు కొంత మారవలసి వస్తుంది.