మ్యూనిక్ నుంచి ఆల్ప్స్ వైపు కొత్త రోడ్ బైక్‌తో ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది: "మ్యూనిక్ వచ్చి ఆర్నెల్లయింది, సెకండ్‌హ్యాండ్‌లో రోడ్ బైక్ కొన్నాను. వీకెండ్‌లో ఆల్ప్స్ దగ్గరికి తొక్కాలని ఉంది కానీ కొండ రోడ్లంటే టెన్షన్. ఎటు వెళ్లమంటారు?"

ఐదేళ్ల కిందట నాదీ ఇదే పరిస్థితి. వరంగల్‌లో స్కూలుకి తొక్కిన డొక్కు సైకిల్ తర్వాత నేను మళ్లీ సైకిలెక్కింది ఇక్కడే. అప్పుడు నాకెవరూ చెప్పని మాట ఒకటుంది. మీరు జాగ్రత్త పడాల్సింది ఘాట్ రోడ్ల దగ్గర కాదు, ఊరికీ కొండలకీ మధ్య మ్యాపులో పచ్చగా, చదునుగా కనిపించే ఆ 50 కిలోమీటర్ల దగ్గర.

అది చదును నేల కాదు. మంచుయుగంలో హిమానీనదాలు ఆల్ప్స్ నుంచి రాళ్లూ మట్టీ తోసుకొచ్చి కుప్పలు పోసి వదిలేసిన చోటు. స్టార్న్‌బెర్గ్, ఆమర్ సరస్సులు కూడా అవి తవ్విన గుంతలే. అందుకే అక్కడ రోడ్డు ఒక దిబ్బ ఎక్కి దిగుతుంది, ఊపిరి కుదుటపడేలోపే ఇంకోటి మొదలవుతుంది. ఒక్కో దిబ్బా 30, 40 మీటర్ల ఎత్తే. కానీ సాయంత్రానికి అన్నీ కలిపితే ఒక కొండ ఎక్కినంత అవుతుంది, ఎక్కామన్న తృప్తి మాత్రం మిగలదు. ఇక్కడి ఘాట్ రోడ్లు చాలావరకు అలా కాదు. ఒకే వాలు, ఒకే గేరు. పోటీకి పోకుండా మాట్లాడుకుంటూ తొక్కితే పైకి చేరిపోతారు.

మొదటి వారం మాత్రం షెఫ్ట్‌లార్న్ మఠం దాకా వెళ్లిరండి. గ్రూన్‌వాల్డ్, స్ట్రాస్‌లాఖ్ మీదుగా వెళ్తే ఇజార్ నది దగ్గరికి మంచి దిగుడు ఉంటుంది. వంతెన దాటగానే మఠం, దాని పక్కనే చెట్ల కింద బల్లలు వేసిన బీర్ గార్డెన్. అక్కడి నుంచి ఎబెన్‌హౌజెన్ వైపు మెలికలు తిరుగుతూ సుమారు 100 మీటర్ల ఎక్కుడు ఉంటుంది. మీ కాళ్లకీ గేర్లకీ అదే పరీక్ష. ఫెయిలైనా భయం లేదు, పైన మ్యూనిక్ వెళ్లే ఎస్7 లోకల్ రైలు స్టేషన్ ఉంది. నేను ఫెయిలయ్యాను. సైకిల్ తోసుకుంటూ ఎక్కుతుంటే డెబ్బై ఏళ్లుంటాయేమో, ఒక పెద్దాయన నన్ను దాటుకుంటూ "గ్రూస్ గాట్" (ఇక్కడి నమస్కారం) అని నవ్వి వెళ్లిపోయాడు. తర్వాతి సోమవారమే వెనక క్యాసెట్, అంటే వెనక చక్రానికుండే పళ్ల చక్రాల సెట్టు, మార్పించాను. మీ బైక్‌కి కూడా పెడళ్ల దగ్గరి పళ్ల చక్రాల్లో చిన్నదానికి 34 పళ్లు, వెనక క్యాసెట్‌లో పెద్దదానికి 32 లేదా 34 పళ్లు ఉన్నాయో లేదో చూసుకోండి. పాత రేసింగ్ బైకుల్లో ఇవి ఉండవు, మోకాళ్లు పోతాయి.

ఆ తర్వాత నుంచి రైలెక్కి నేరుగా కొండల అంచుకి వెళ్లిపోండి. నాకు అన్నిటికంటే ఇష్టమైన దారి నా పొరపాటు వల్లే దొరికింది. మా ఫ్రెండ్ కొండల అంచున ఉన్న లెంగ్రీస్ ఊళ్లో ఎదురుచూస్తున్నాడు. నేను మ్యూనిక్‌లో సైకిళ్ల గుర్తున్న డబ్బా కనపడగానే ఎక్కేశాను. ఆ రైలు హోల్జ్‌కిర్షెన్‌లో ఒకసారి, షాఫ్ట్‌లాఖ్‌లో ఇంకోసారి విడిపోతుందని, ఏ డబ్బా ఎటు పోతుందో తలుపు దగ్గర తెర మీద ఉంటుందని తెలియదు. అనౌన్స్‌మెంట్ జర్మన్‌లో వచ్చింది, నేను ఇయర్‌ఫోన్స్‌లో ఉన్నాను. దిగి చూస్తే టెగర్న్‌జే, అదే పేరున్న సరస్సు ఒడ్డున ఇంకో ఊరు! ఫోన్ చేస్తే వాడు పడీపడీ నవ్వి, "ఎలాగూ అక్కడున్నావు కదరా, ఆఖెన్‌పాస్ మీదుగా వచ్చెయ్" అన్నాడు.

పాస్, అంటే కనుమ, అన్న మాట వినగానే గుండె జారింది. తీరా తొక్కితే అందులో ఏమీ లేదు. సరస్సు 725 మీటర్ల ఎత్తులో ఉంటే పాస్ 941 మీటర్లు. ఆ తేడా కూడా రొటాహ్, క్రాయిట్ ఊళ్లు దాటుకుంటూ సుమారు 20 కిలోమీటర్ల మీద పరుచుకుని ఉంటుంది. వాగు పక్కనే రోడ్డు, మెడలో గంటలతో ఆవులు, చివర్లో మాత్రం కాస్త అడవి, కాస్త ఆయాసం. అవతల ఎడమకి వెళ్తే ఆస్ట్రియా, కుడికి తిరిగితే సిల్వెన్‌స్టైన్ జలాశయం. వరదల నుంచి బాడ్ టోల్జ్‌ని, మ్యూనిక్‌ని కాపాడటానికి 1954, 1959 మధ్య కట్టారు. ఫాల్ అనే పాత ఊరు ఆ నీళ్ల కింద ఉంది, అదే పేరుతో పక్కన కొత్త ఊరు కట్టారు. వంతెన మీద ఆగి ఆకుపచ్చ నీళ్లు చూస్తుంటే మన శ్రీశైలం ముంపు ఊళ్లు గుర్తొచ్చాయి. అక్కడి నుంచి లెంగ్రీస్‌కి దిగుడే. మొత్తం కలిపి 50 కిలోమీటర్ల లోపు. వేసవి ఆదివారాల్లో టెగర్న్‌జే రోడ్డు మీద కార్లు బారులు తీరతాయి, అందుకే తొమ్మిదికల్లా అక్కడ దిగేలా చూసుకోండి.

దిగుడు అన్నాను గానీ ఆ రోజు నేను దిగుతూ కూడా తొక్కాల్సి వచ్చింది. ఎండ కాసిన రోజున కొండలు వేడెక్కి, మధ్యాహ్నానికి మైదానం గాలిని లోయల్లోకి లాగుతాయి. పొద్దున దక్షిణానికి వెళ్లి మధ్యాహ్నం ఉత్తరానికి తిరిగొస్తుంటే ఆ గాలి సరిగ్గా మొహానికి కొడుతుంది. దిగుడే కదా అని ఆఖరి కిలోమీటర్లకి ఓపిక దాచుకోకపోతే ఏడుపొస్తుంది.

ఇది అలవాటయ్యాక కోకెల్ సరస్సు పక్కనున్న కోకెల్ ఊరి నుంచి మొదలుపెట్టండి. కెస్సెల్‌బెర్గ్ ఘాట్ రోడ్డు సరస్సు ఒడ్డు నుంచి 858 మీటర్ల దాకా, అంటే సుమారు 260 మీటర్లు ఎక్కుతుంది. మెలికలన్నీ అడవిలోనే, నీడ ఉంటుంది. శని, ఆదివారాలు, సెలవు రోజుల్లో ఈ వైపు నుంచి పైకి మోటార్‌సైకిళ్లకి అనుమతి లేదు, కాబట్టి ఇది వీకెండ్‌లోనే హాయి. పైన వాల్షెన్‌జే సరస్సు. రెండు సరస్సుల మధ్య ఉన్న 200 మీటర్ల ఎత్తు తేడాతో 1924 నుంచి కరెంటు తీస్తున్నారు, కింద పెద్ద పైపులు రోడ్డు మీదకే కనిపిస్తాయి. సరస్సు దాటాక వచ్చే వాల్గౌ ఊరి నుంచి ఫోర్డర్‌రిస్ దాకా టోల్ రోడ్డు, సైకిళ్లకి ఉచితం. తెల్లటి గులకరాళ్ల మధ్య పాయలు పాయలుగా పారే ఇజార్‌ని అక్కడే చూడాలి. మళ్లీ సిల్వెన్‌స్టైన్, లెంగ్రీస్. 65 కిలోమీటర్ల దాకా అవుతుంది.

స్టార్న్‌బెర్గ్ సరస్సు చుట్టూ 50 కిలోమీటర్లు అని అందరూ చెప్తారు. వారం మధ్యలో అయితే సరే. ఆదివారం ఒడ్డు దారిలో పిల్లలు, కుక్కలు, ఐస్‌క్రీములు. రోడ్ బైక్‌కి అది చోటు కాదు.

తిండి సంగతి మర్చిపోకండి. ఆదివారం సూపర్ మార్కెట్లన్నీ మూతే, బేకరీలు కూడా కాసేపే తెరుస్తారు. నేను జెర్సీ జేబులో రేకు కాగితంలో చుట్టి పులిహోర పెట్టుకుంటాను. ఉప్పు, అన్నం, పల్లీలు, ఇంకేం కావాలి? నీళ్లకి ఇక్కడి సైక్లిస్టుల చిట్కా ఒకటి: పల్లెల్లో చర్చి పక్క శ్మశానంలో కుళాయి ఉంటుంది. మొదట్లో నాకు మనసొప్పలేదు, జూలై ఎండ ఒప్పించింది. "కైన్ ట్రింక్‌వాసర్" అని బోర్డు ఉంటే మాత్రం తాగకండి.

గాలి ఆపే పల్చటి జాకెట్ ఒకటి జేబులో ఉండాలి. చెమటతో ఎక్కి అలాగే దిగితే జూన్‌లో కూడా పళ్లు టకటకలాడతాయి. పశువులు దాటకుండా రోడ్డుకి అడ్డంగా ఇనుప కడ్డీలు వేసిన చోట నిటారుగా వెళ్లండి, తడిగా ఉంటే దిగి నడవండి. నా మోచేతి మీద ఇంకా మచ్చ ఉంది. కార్ల గురించి మరీ బెంగ వద్దు. ఊరి బయట సైకిల్‌ని దాటేటప్పుడు 2 మీటర్ల దూరం ఉంచాలని 2020 నుంచి రూల్, ఎక్కువమంది పాటిస్తారు.

రైల్లో సైకిల్‌కి విడిగా టికెట్ కొనాలి. ఎండ బాగున్న ఆదివారం సాయంత్రం లెంగ్రీస్ స్టేషన్‌లో సైకిళ్ల గుంపు ఎంతుంటుందంటే, ఒక రైలు వదిలేసి గంటసేపు కూర్చున్న రోజులున్నాయి. మూడు గంటలకల్లా స్టేషన్‌కి చేరేలా బయల్దేరండి. ఎక్కేముందు తలుపు దగ్గర ఊరి పేరు చదవండి.