ఆదివారం డిస్క్ ముట్టుకునే ముందు ఇది చదువు

చిన్నా,

మీ అమ్మ ఫోన్లో చెప్పింది, ల్యాప్‌టాప్‌లో సీ డ్రైవ్ తగ్గించి విండోస్ పక్కనే ఉబుంటు అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కిస్తున్నావంట. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆపేశారు, నీ పాత ప్రాసెసర్‌కేమో 11 ఎక్కదు, కాబట్టి ఆలోచన మంచిదే. మనింట్లో నా తర్వాత స్క్రూడ్రైవర్ పట్టింది నువ్వేరా అని మురిసిపోయా, రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

మామూలు సంగతులు నీకూ తెలుసు. డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే ఆ 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకో. ఫాస్ట్ స్టార్టప్ ఆపెయ్, లేకపోతే షట్‌డౌన్ చేసినా విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది. సీ తగ్గించేది విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లోంచే చెయ్. చార్జర్ పీకకు.

ఇక బ్యాకప్. నవ్వకు, నేను పోగొట్టుకుంది బ్యాకప్ తీద్దామనుకునే.

తెనాలిలో డీటీపీ సెంటర్ రోజులు, నువ్వింకా పుట్టలేదు. విండోస్ 98 తీసేసి ఎక్స్‌పీ వేద్దామనుకున్నా. ఒకటే డిస్క్, సీ, డీ అని రెండు ముక్కలు, అంటే పార్టిషన్లు, పనంతా డీలో. పక్క షాపాయన దగ్గర పాత హార్డ్ డిస్క్ అరువు తెచ్చి తగిలించి, ఫ్లాపీతో బూట్ చేసి, కొత్తగా తగిలించింది 'ఈ' అయ్యుంటుందిలే అని ఫార్మాట్ 'ఈ' కొట్టేశా. డేటా మొత్తం పోతుంది, సరేనా అని అడిగింది కూడా, వై నొక్కా. ఆ ఫ్లాపీలో ఉండే డాస్ లెక్క వేరురా, ముందు ప్రతి డిస్కులో మొదటి ముక్కకి, అంటే ప్రైమరీ పార్టిషన్‌కి అక్షరమిచ్చి, ఆ తర్వాతే లాజికల్ అనే మిగతా ముక్కల దగ్గరికొస్తుంది. అరువు డిస్క్ డీ అయి కూర్చుంది, లాజికల్ ముక్కైన నా డీ జరిగి 'ఈ' అయింది. పర్సెంట్ అంకె పెరుగుతుంటే టీ తాగుతూ చూశా నేను! పోనీ అక్కడ ఆగానా, కంగారులో మళ్లీ దానిమీదే ఫాంట్లూ ఫైళ్లూ ఎక్కించా. ఏం రాయకుండా వదిలేస్తే కొంతైనా వెనక్కి వచ్చేదని తర్వాత తెలిసింది.

శుభలేఖలు మూడు రాత్రులు కూర్చుని మళ్లీ కొట్టా. తాతయ్య సాయంత్రాలు వచ్చి చెప్తుంటే అనూ ఫాంట్లలో టైప్ చేసిన ఆయన చిన్నప్పటి కబుర్లు, అరవై పేజీలు, అవి మాత్రం పోయాయి. తిట్టలేదు, "మళ్లీ చెప్తాలేవే" అన్నాడు. చెప్పాడు కూడా, పదకొండు పేజీలు. ఆ తర్వాత చెప్పిందే చెప్పడం మొదలైంది.

అందుకే అక్షరం నమ్మకు, సైజు చూడు. ఉబుంటులో సీలు డీలు కూడా కనపడవు, ఎస్‌డీఏ, ఎన్‌వీఎంఈ అని ఏవో వస్తాయి. ప్రతి పార్టిషన్ ఎన్ని జీబీలో ముందే రాసి పెట్టుకో. బ్యాకప్ డిస్క్‌ని ఇంకో కంప్యూటర్‌కి పెట్టి నాలుగు ఫైళ్లు తెరిచి చూసి, పీకేసి, బీరువాలో పడేసి అప్పుడు ఇన్‌స్టాలర్ మొదలెట్టు. డిస్కంతా తుడిచేసే ఎరేజ్ డిస్క్ అన్నదాని జోలికి పోయావో, వచ్చి చెవి మెలిపెడతా.

అక్క కూతురి బారసాల ఫొటోలు కూడా దాంట్లోనే ఉన్నాయంటగా. ఇన్‌స్టాల్ నొక్కేముందు ఆ స్క్రీన్ ఫొటో తీసి నాకు పంపు. కళ్లజోడు పెట్టుకుని కూర్చునే ఉంటా.

మీ పిన్ని